సరస్సులో తేలిన కాలు

నేను విన్నిపెగ్‌లో దిగిన విమానంలో సగం మంది నాలాంటి విద్యార్థులే. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన నలుగురు అమ్మాయిలం కలిసి ఒక ఇంటి బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాం. మాది కర్నూలు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో రెండు రోజులు సెలవు దొరికితే చాలు, స్నేహితులతో కలిసి నల్లమల కొండలెక్కేదాన్ని. కెనడా ఎందుకు ఎంచుకున్నావని అడిగినవాళ్ళకు కోర్సు గురించి చెప్పేదాన్ని గాని, అసలు కారణం మ్యాపులో ఆ ఊరి చుట్టూ నీలంగా కనబడ్డ సరస్సులు. వాటన్నిటినీ చూసేయాలని నా ఆశ.

రెండో సెమిస్టర్‌లో, ఒక జనవరి మధ్యాహ్నం, క్లాసు ముగించుకుని బస్టాపులో నిలబడ్డాను. గడ్డకట్టిన రోడ్డు మీద ఒక కారు జారింది. నడుపుతున్న పెద్దాయన బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది, నాకంటే ఎక్కువ భయపడ్డాడు. కారు పేవ్‌మెంట్ ఎక్కి నా ఎడమ కాలిని స్తంభానికేసి నొక్కేసింది. మూడు రోజులు చూసి డాక్టర్లు మోకాలి కింద నుంచి తీసేయక తప్పదన్నారు. కాగితం మీద సంతకం నేనే పెట్టాను.

అమ్మ ఫోన్లో ఒకటే మాట, "వచ్చెయ్ నాన్నా, ఇంటికొచ్చెయ్." వస్తానని గాని రానని గాని చెప్పలేకపోయాను. నా గదిలో ఉండే కరీంనగర్ అమ్మాయి రోజూ డబ్బాలో పెరుగన్నం పట్టుకొచ్చేది. నాకంటే ఏడాది చిన్న. నాలుగో రోజు నేను గోడవైపు తిరిగి పడుకుని ఉంటే మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్కా, ఏడువు. గంటసేపు మంచిగ ఏడువు. నేను ఏడికి పోను. గని ఏడ్చినంక అన్నం తినాలె."

ఇరవై నిమిషాలు ఏడ్చాను. తర్వాత నిజంగానే ఆకలేసింది.

పునరావాస విభాగానికి మార్చిన వారంలో, ఆసుపత్రివాళ్ళు చెప్పగా, నన్ను చూడ్డానికి ఒకావిడ వచ్చింది. డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాయి. బయట అంత చలి ఉన్నా లోపల షార్ట్స్‌లోనే తిరుగుతోంది. కుడికాలి స్థానంలో కృత్రిమ కాలు, దాని నిండా తాను తిరిగొచ్చిన సరస్సుల స్టిక్కర్లు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిందట. కాల్లో గడ్డ వచ్చి కాలు తీసేశాక కూడా అదే ఉద్యోగం చేసిందట. ఎలా ఉన్నావని అడగలేదు. ధైర్యంగా ఉండమనీ చెప్పలేదు.

"ఇదంతా జరగక ముందు నీకేం చేయడం ఇష్టం?" అని అడిగింది.

"కొండలెక్కడం."

"ఇక్కడ కొండల్లేవు. నీళ్ళున్నాయి. కెనూ పడవ నడపడం వచ్చా?"

"ఈత కూడా రాదండి."

"మంచిది. తప్పుగా నేర్చుకున్నదేం లేదన్నమాట. మొదటినుంచీ సరిగ్గా నేర్పొచ్చు."

మార్చి నెలలో నాకు మొదటి కాలు వచ్చింది. మోకాలి కింద మిగిలిన భాగానికి రబ్బరు తొడుగు వేసుకుని, దాన్ని గట్టి గిన్నెలాంటి సాకెట్‌లో దించాలి. కాసేపు నడిస్తే చర్మం కమిలిపోయేది. విడ్డూరం ఏమిటంటే, లేని పాదానికి బొటనవేలు దురద పెట్టేది. మా బేస్‌మెంట్‌కు పదమూడు మెట్లు. మొదటిసారి ఎక్కుతుంటే కరీంనగర్ అమ్మాయి నా వెనక చేతులు చాపి నిలబడింది, నేను పడితే ఇద్దరం పడతామని తెలిసి కూడా. పైకెక్కి తలుపు తీశాను. మంచు మీద ఎండ పడి కళ్ళు జిగేలుమన్నాయి. మిగతా ఇద్దరు అమ్మాయిలు కిందనుంచి ఈలలు వేశారు. అప్పుడు అమ్మకు వీడియో కాల్ చేసి, నిలబడి చూపించి, కోర్సు పూర్తి చేసే వస్తానని చెప్పాను.

ఆ వసంతమంతా ఉత్తరాలావిడ నన్ను ఈత కొలనుకు తీసుకెళ్ళింది. కొలను గట్టున ఒక నాలుగేళ్ళ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, నీ కాలు ఏదని అడిగింది. లాకర్‌లో పెట్టానన్నాను. ఆ పిల్ల తన కాళ్ళు రెండూ తడిమి చూసుకుని, వాటిని ఎలా తీయాలని అమ్మను అడగడానికి పరిగెత్తింది.

జూలైలో ఉత్తరాలావిడ, కరీంనగర్ అమ్మాయి, నేను వైట్‌షెల్ వైపు ఒక సరస్సుకు వెళ్ళాం. ఆవిడ తన కాలు తీసి కెనూకు తాడుతో కట్టేసుకుంది, నన్నూ అలాగే చేయమంది. ఒడ్డున బోలెడంత మంది ఉన్నారు. వాళ్ళముందు తీయడం ఇష్టంలేక, ఉండనీయండి అన్నాను. నీళ్ళమధ్యకు వెళ్ళేసరికి ఒక నల్లటి నీటిపక్షి మా పక్కనే మునిగి అవతలివైపు తేలింది. చూడాలన్న ఆత్రంలో ఒక్కసారిగా అటు వంగాను. కెనూ బోల్తాపడింది. లైఫ్‌జాకెట్ నన్ను పైకి తెచ్చింది గాని, సాకెట్‌లోకి నీళ్ళు దూరి కాలు ఊడిపోయింది. నా ఎర్ర బూటుతో సహా, బొటనవేలు ఆకాశానికి చూపిస్తూ, తాపీగా తేలుకుంటూ వెళ్ళిపోతోంది.

ఒడ్డునుంచి కరీంనగర్ అమ్మాయి సరస్సంతా వినబడేట్టు అరిచింది. "అక్కా! నీ కాలు పోతుంది! నీ కాలు పట్టుకో!"

ఇంకో కెనూలో వెళుతున్న కుటుంబం దాన్ని తెడ్డుతో ఆపింది. ఆ తండ్రి ఎంతో మర్యాదగా రెండు చేతులతో పట్టుకుని, ఇది మీదేనా మేడమ్ అని అడిగాడు. మా ఉత్తరాలావిడ నీళ్ళలోనే తేలుతూ, "మేమిద్దరం ఉన్నాం, ఏ సైజో చూసి చెప్పండి" అంది. నవ్వుతూ నవ్వుతూ నీళ్ళు మింగేశాను. ఒడ్డుకు చేరాక, చుట్టూ జనం చూస్తుండగానే, కాల్లోని నీళ్ళు వంపి ఎండలో ఆరబెట్టాను.

ఆ అక్టోబరులో, ఇండియన్ స్టోర్‌లో ఒక పెద్దావిడ నా నడక గమనించి దగ్గరకొచ్చింది. "అమ్మాయ్, ఏమీ అనుకోవు కదా" అంటూ మొదలుపెట్టింది. వాళ్ళాయన రిటైర్డ్ ఇంజనీరు, ఆ దేశంలో నలభై ఏళ్ళుగా ఉంటున్నారు. షుగరు వల్ల ఆగస్టులో కుడికాలు మోకాలి కింద తీసేశారు. కొత్త కాలు వచ్చినా అలమరలోనే ఉందట. ఒక్కసారి వచ్చి మాట్లాడమంది. నేనేం మాట్లాడగలనని ఉత్తరాలావిడకు ఫోన్ చేశాను.

"సలహాలు ఇవ్వకు. పెట్టింది తిను" అంది ఆవిడ.

వెళ్ళాను. అంకుల్ సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఆంటీ పకోడీలు తెచ్చి టీపాయ్ మీద పెట్టింది.

"ఏవమ్మా, నువ్వూ ధైర్యం చెప్పడానికే వచ్చావా?" అన్నారాయన. "ఇప్పటికి పదకొండు మంది చెప్పి వెళ్ళారు. అందరికీ రెండేసి కాళ్ళున్నాయి."

"నాకొకటే అంకుల్" అని, ప్యాంటు మడిచి, కాలు తీసి పకోడీల ప్లేటు పక్కన పెట్టాను.

ఆంటీ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆయన మాత్రం ముందుకు వంగి కళ్ళజోడు సరిచేసుకున్నారు. కాలు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, చీలమండ దగ్గరున్న బోల్టులు లెక్కపెట్టారు.

"ఈ యాంగిల్ ఎవరు సెట్ చేశారు? కొంచెం బయటికి తిరిగినట్టుందే."

"అవునంకుల్. అందుకే మెట్లు దిగేటప్పుడు జారుతుందేమో."

అరగంట కోణాల గురించి, బరువు ఎక్కడ పడుతుందన్న దాని గురించి మాట్లాడారు. ఆంటీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించారు.

"నీకు దురద పెడుతుందామ్మా? లేనిచోట?"

"బొటనవేలు అంకుల్."

"నాకు మడమండీ." నాకు ఒక్కసారిగా అండీ తగిలించారు. "చెబితే మతి పోయిందనుకుంటారని ఎవరికీ చెప్పలేదు."

కాలు తొడుక్కుని, గోడకున్న అద్దం తీసుకొచ్చాను. ఉన్న కాలి పక్కన నిలువుగా పెట్టి, అద్దంలో రెండో కాలు కనబడేట్టు చేసి, ఉన్న మడమ గోకమన్నాను. మా ఆసుపత్రిలో నేర్పిన కిటుకు అది. ఆయన గోకారు. కాసేపటికి కళ్ళు మూసుకుని "అబ్బ!" అన్నారు. టీ కప్పులతో వచ్చిన ఆంటీకి ఏమీ అర్థంకాలేదు. మూడు నెలల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూస్తున్నానని మాత్రం అంది.

వెళ్ళేటప్పుడు, ఏది చేయలేకపోతున్నందుకు బాధగా ఉందని ఆయన్ను అడిగాను. ఆయన ఆలోచించనుకూడా లేదు. "చేపలమ్మా. మాది భీమవరం దగ్గర. ఏటా ఫిబ్రవరిలో గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం చేసి చేపలు పడతాను. ఈ ఏడు లేదు."

"ఫిబ్రవరికి ఇంకా నాలుగు నెలలుంది అంకుల్."

వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. విసుక్కునేవారు, నొప్పనేవారు, ఒకరోజు కాలు విసిరికొట్టారు కూడా. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, "మాస్టారూ, క్లాసు ఎన్నింటికి?" అన్నారు.

ఫిబ్రవరిలో ఉత్తరాలావిడ తన ట్రక్కును నేరుగా గడ్డకట్టిన సరస్సు మీదికి నడిపింది. ట్రక్కునుంచి, చేపలు పట్టేందుకు మంచు మీద వేసిన డేరా దాకా అరవై అడుగులు. బూట్లకు మేకుల పట్టీలు వేసుకుని, రెండు కర్రలతో అంకుల్ బయల్దేరారు. సగం దూరంలో జారి కూర్చుండిపోయారు. లేపబోయి నేనూ పడ్డాను. ఫ్లాస్కు పట్టుకున్న కరీంనగర్ అమ్మాయి మా ఇద్దరినీ చూసి, "ముందుగాల ఎవర్ని లేపాలె?" అంది.

"మీ అక్కని లేపు. ఆవిడ సీనియరు" అన్నారు అంకుల్, మంచు దులుపుకుంటూ.

డేరాలో కూర్చున్నాక, చలి కాళ్ళలోకి పాకుతోందా అని నన్నడిగారు. "ఒక్కదానికే అంకుల్" అన్నాను. "నాకూ సగమే" అని పకపకా నవ్వారు. గంటన్నర గడిచాక గాలం తీగ బిగిసింది. మూరెడు పొడవున్న పికరెల్ చేప పైకొచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, కర్రలు లేకుండా, తానేం చేస్తున్నారో తెలియకుండానే లేచి నిలబడ్డారు. ఆ సాయంత్రం ఆంటీ చింతపండు పులుసు పెట్టింది. ఉత్తరాలావిడ కారానికి కళ్ళు తుడుచుకుంటూనే మూడుసార్లు వడ్డించుకుంది.

నా కోర్సు పూర్తయింది, ఆ ఊళ్ళోనే ఉద్యోగం దొరికింది. కారు నడపడం నేర్చుకున్నాను. ఆ జూన్‌లో, లారీ నడిపే పంజాబీ కుర్రాడొకడు కాలు పోగొట్టుకుని మా ఆసుపత్రిలోనే ఉన్నాడని తెలిసింది. అంకుల్‌ను వెంట తీసుకెళ్ళాను. తలుపు దగ్గర ఆయన నన్ను ఆపేశారు.

"నువ్వు కార్లో కూచోమ్మా. నేను మాట్లాడతాను."

"మీకు హిందీ వచ్చా అంకుల్?"

"రాదు. కాలు చూపిస్తాను."

రెండు గంటలు కార్లో పాటలు వింటూ కూర్చున్నాను. కర్ర ఊపుకుంటూ, హుషారుగా వచ్చి పక్కసీట్లో కూర్చున్నారు.

"సగం ఇంగ్లీషు, సగం సైగలతో నెట్టుకొచ్చాం. అతనికి గుర్రాలంటే ప్రాణమట. ఊళ్ళో ఉన్నప్పుడు స్వారీ చేసేవాడట. ఈ దగ్గర్లో గుర్రాలున్నవాళ్ళెవరైనా నీకు తెలుసా?"

తెలియదన్నాను. ఉత్తరాలావిడకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. ఆవిడకు ముగ్గురు తెలుసట. వాళ్ళలో ఒకరిని ఆదివారం ఎన్నింటికి రమ్మనాలని అడుగుతోంది.