మాట పట్టే కెమెరా

ఆ బస్సు కండక్టరును అందరూ మైకు అనేవాళ్లు. చివరి సీట్లో గురకపెట్టేవాడు కూడా అతను స్టాపు పేరు కేకేస్తే ఉలిక్కిపడి లేచేవాడు. అలాంటి గొంతు కొన్నాళ్లుగా బొంగురుపోయింది. జలుబేలే అనుకున్నారు. చివరికి ఆసుపత్రిలో డాక్టరు, క్యాన్సరు ముదిరిందనీ, స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదనీ చెప్పాడు. ఆ తర్వాత ఇక మాట ఉండదు.

అతని భార్య చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. ఆ కబురు విన్న దగ్గర్నుంచి ఆమెకు ఒకటే దిగులు. లేకలేక పుట్టిన కూతురు ఇంకా బడికైనా వెళ్లడం లేదు. నాన్న గొంతు దానికేం గుర్తుంటుంది? ఫోన్లలో కెమెరాలు లేని రోజులవి. ఫ్యాక్టరీలో తనతో పనిచేసే ఒకామె, "డిజిటల్ కెమెరా అయితే మనిషి మాట్లాడుతుంటే ఉన్నదున్నట్టు పడుతుందట వదినా" అంది. సొంతంగా కుట్టుమిషను కొనుక్కోవాలని దాచుకున్న డబ్బు కొంగున ముడేసుకుని ఆమె బజారుకు వెళ్లింది.

షాపతను తళతళలాడే ఎర్ర కెమెరా ముందు పెట్టాడు. "ఇది తీసుకోండక్కా. కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు."

"మాట వస్తుందా?"

"వీడియో వస్తుంది, మాట రాదు. ఈ రేటుకి అంతే. అయినా ఫోటోకి మాటెందుకక్కా?"

"నాకు మాటే కావాలి తమ్ముడూ."

మాట వచ్చేది చూపించాడు. ధర వినగానే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అయినా కదలకుండా నిలబడటం చూసి, ఎవరో వాడి అమ్మేసిన కెమెరా ఒకటి సొరుగులోంచి తీశాడు. ఒళ్లంతా గీతలు, తెర మూల నల్లటి మచ్చ.

"ఏదన్నా మాట్లాడు" అంది, అతని వైపు పెట్టి.

"ఏం మాట్లాడనక్కా, పొద్దుట్నుంచి బేరమే లేదు."

బొమ్మ మసకగా పడింది. బేరం లేదన్న ఏడుపు మాత్రం స్పష్టంగా వినిపించింది. దాన్నే కొనుక్కుంది.

ఇంట్లో భర్త మండిపడ్డాడు. "పోయేవాడికి ఫోటో తీసినట్టు ఇదేంటే? నేనేం చావట్లేదు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కెమెరా బయటికి తీస్తే చాలు, నోరు బిగించేసేవాడు. మాట ఉన్న ఆ కాస్త కాలం కూడా మూగగానే గడిచిపోతోందని ఆమె వంటింట్లో కళ్లొత్తుకునేది.

ఆసుపత్రికి బయల్దేరే ఉదయం కూతురు అతని ఒళ్లోకెక్కి, "నాన్నా, బస్సాట" అంది. కాదనలేకపోయాడు. ఆమె తలుపు పక్కన నిలబడి మీట నొక్కింది.

"రండమ్మా రండి, లోపలికి జరగండి. బాబూ, మెట్టు మీద వేలాడకు, పడ్డావంటే మీ ఆవిడ నన్ను తిడుతుంది..."

పిల్ల పకపకా నవ్వింది. అతనూ నవ్వబోయాడు, దగ్గుతెర కమ్మేసింది. తేరుకుని కెమెరా వైపు చూసి, "చాల్లే, ఆపు" అన్నాడు.

ప్రాణం దక్కింది. ఊపిరి మెడ దగ్గరి రంధ్రంలోంచి, మాట పలక మీది రాతలోంచి. కండక్టరు పని తప్పించి అతన్ని డిపోలో సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. కూతురు ఆ బస్సాటను పదేపదే పెట్టించుకునేది. అది మొదలవగానే అతను చొక్కా తగిలించుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు.

కొన్నాళ్లకు పిల్ల ఆ బస్సాట వింటూ అడిగింది. "అమ్మా, నాన్న గొంతు ఎప్పుడూ ఇలాగే ఉండేదా? ముసలాయన గొంతులా?"

ఆమె, కాదమ్మా, వీధి చివరికి వినబడేది అని చెప్పబోయి, ఆ పాత గొంతును మనసులో వెతుక్కుంది. ఎంత వెతికినా ఈ బొంగురు గొంతే చెవిలో అడ్డుపడింది.

"అవునమ్మా, ఇలాగే ఉండేది" అంది.