పోచారం దాకా ఒక పొడుగు చాప కోసం

మెదక్ నుంచి పోచారం చెరువు దాకా అడవి దారిన నడవాలనుకునే పాఠక మహాశయులకు ముందుగా ఒక మనవి. నేను ప్రకృతి సౌందర్యం కోసం వెళ్లలేదు. ఒక తుంగ చాప కోసం వెళ్లాను. అది నా మిత్రుడు దానియేలుది. కాలేజీలో అందరికన్నా పొడుగు వాడే. హాస్టల్లో ఏ చాప మీద పడుకున్నా పాదాలు మాత్రం నేల మీదే నిద్రపోయేవి. క్రితం నెల ఇద్దరం వెళ్లి, చాపలల్లే ఎల్లయ్య తాతకు వాడి కొలతలిచ్చి వచ్చాం. పది రోజులకే వాడు జ్వరంతో పోయాడు. "వాడు అల్లమన్న సాప నాకు తెచ్చియ్యి బిడ్డా," అంది వాళ్లమ్మ.

ఉదయం చర్చి గంట వింటూ ఆరున్నర బస్సెక్కాను. టికెట్టు నలభై పైసలు.

"ఒక్కనివే వస్తివి, నీ పొడుగు దోస్తు యేడి?" అన్నాడు కండక్టరు.

"ఈసారి టికెట్ పైసలు మిగిలిచ్చిండన్నా," అన్నాను. అతను నవ్వాడు. నేనూ నవ్వాను. చెడ్డ అలవాటు.

అడవి మొదట్లో దిగితే టేకు చెట్ల మధ్య గంట నడక. ఎండుటాకులు ఎంత చప్పుడు చేస్తాయో ఒంటరిగా నడిస్తేనే తెలుస్తుంది. తర్వాత కోతకొచ్చిన వరి పొలాల గట్లు, ఆపైన మోకాలి లోతు బురద, మనిషిని మించిన తుంగ.

ఎల్లయ్య తాత తుంగను నిలువునా పేర్చి అల్లుతాడు. అందుకే మనిషిని నేల మీద పడుకోబెట్టి, తలకు, కాళ్లకు గుర్తులు పెట్టుకుని, అంత పొడుగు తుంగే ఏరి కోస్తాడు. ఆ రోజు దానియేలు పడుకుంటే నేను ఊరుకోలేదు. "జర పైలం రా, మన వాడల వడ్లాయన గిట్లనే శవప్పెట్టెకు కొలుస్తడు," అన్నాను. అందరికన్నా గట్టిగా నవ్వింది వాడే. పది రోజుల తర్వాత ఆ వడ్రంగి నిజంగానే వచ్చి, టేపు రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు.

తొమ్మిదింటికి తాత గుడిసె చేరాను. "పొడుగాయన రాలే?" అన్నాడు.

"రాలే తాతా. ఇగ రాడు."

తాత కొడవలి కింద పెట్టాడు. లోపలికి పోయి చాప తెచ్చి పరిచాడు. "కొసలు కట్టలే బిడ్డా. ఆయనను ఇంకోపారి పండవెట్టి చూసి కడదామనుకున్న. నువ్వు పండు."

పడుకున్నాను. పచ్చి తుంగ వాసన. నా కాళ్ల కింద ఇంకా మూరెడు చాప ఖాళీగా ఉంది.

"కోసి నీ అంతది చెయ్యాల్నా?"

"వద్దు తాతా. గట్లనే కట్టు."

అడ్డంగా చుడితే కొత్త తుంగ విరుగుతుందని, దాన్ని పొడుగాటి దూలంలా నిలువునా చుట్టిచ్చాడు. తిరుగు దారిలో అది ప్రతి టేకు కొమ్మకూ తట్టుకుంది. హాస్యం నాకు జన్మహక్కని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాడు నవ్వబట్టే నా మాటలు హాస్యమయ్యాయని ఆ చెట్ల మధ్య తెలిసింది.

వెళ్లేవారికి ఒక్క సలహా: పొడుగు చాప తేవాలంటే ఒంటరిగా వెళ్లకండి. రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి.