నాలుగువందల దెబ్బలు తిన్న బ్యాటు

అనంతసాగరం నిరోష సాఫ్ట్‌బాల్ ఆటలో బంతిని కొడితే ఆత్మకూరు కాలేజీ గ్రౌండు చివరి ప్రహరీకి తగిలేది. అదీ రెండు చోట్ల సొట్టలు పడ్డ పాత అల్యూమినియం బ్యాటుతో. బంతి కాస్త పక్కకు తగిలితే చాలు, అదురు మోచేతిదాకా పాకేది.

"చెయ్యి తిమ్మిరెక్కి పాలు పిండలేకుండా ఉండాను నాయనా" అని ఇంట్లో నవ్వుతూ చెప్పేది.

ఆమె తండ్రి మల్లికార్జున ఊళ్లో నలుగురూ మాట వినే రైతు. ఆడపిల్లకు సాఫ్ట్‌బాల్ ఏమిటని బంధువులు అంటే, "ఆడనీండి. నా బిడ్డ చేతిలో బలం ఉండాది" అని కొట్టిపారేశాడు.

నిరోష ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా కాలేజీ కమిటీ పెద్ద, హోల్‌సేల్ కిరాణా వ్యాపారి రంగనాథం జట్టుకు కాంపోజిట్ బ్యాటు తెప్పించాడు. కార్బన్ పొరలతో చేసినది. పిడి, పైభాగం విడివిడిగా తయారుచేసి మధ్యలో అతికారు. దెబ్బ అదురును చేతికి రానీయకుండా ఆ అతుకే ఆపేస్తుంది. బంతి బాగా ఎగిరే చోటు కూడా పాత బ్యాట్లకన్నా వెడల్పు. రంగనాథం మనవరాలు చైత్ర కూడా అదే జట్టులో ఆడేది.

అలాంటి బ్యాటు కొత్తలో మొద్దులా ఉంటుంది. మొదట మెల్లగా, తర్వాత బలంగా, దెబ్బదెబ్బకూ కాస్త తిప్పుతూ వందలసార్లు బంతిని కొడితేగాని లోపలి పొరలు సడలి బంతి బాగా ఎగరదు. ఆ పనిని కోచ్ రాజమోహన్ నిరోషకు అప్పగించాడు.

"నీ చేతికి నిలకడ ఉండాదమ్మా. సెలెక్షన్లలో నువ్వు ఆడేది దీంతోనే."

రెండు వారాలపాటు పొద్దున క్లాసులకు ముందు, సాయంత్రం బస్సు వచ్చేదాకా కొట్టింది. నాలుగువందలు దాటాయి. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. ఒక సాయంత్రం బ్యాటు చప్పుడు మారింది. బంతి ప్రహరీ దాటి రోడ్డు అవతల పడింది. నిరోష గ్రౌండు మధ్యలో ఒంటరిగా నిలబడి సంతోషంతో కేక పెట్టింది.

జిల్లా జట్టు సెలెక్షన్లు ఉదయగిరిలో, కొండ కింది గ్రౌండులో జరిగాయి. ఒక్కొక్కరికీ మూడు బంతులు వేసి చూస్తారు. ఆ రోజు బ్యాటు చైత్ర సంచిలో ఉంది.

"సార్, బ్యాటు?" అని అడిగింది నిరోష.

రాజమోహన్ ఆమె మొహం చూడలేదు. "ఈ పూటకు అడగబాకమ్మా. రంగనాథం గారు వచ్చి కూర్చోనుండారు."

"మూడు బంతులకైనా ఇప్పించండి సార్. దాన్ని దారికి తెచ్చింది నేనే గదా!"

"నాకూ ఉద్యోగం ఉండాది నిరోషా."

చైత్ర దగ్గరికే వెళ్లి అడిగింది. "ఎవురికీ ఇయ్యొద్దన్నాడు మా తాత" అంది చైత్ర, తల వంచుకుని.

నిరోష పాత బ్యాటే పట్టింది. మూడు బంతుల్లో రెండు సొట్టమీద తగిలి ఆమె ముందే దొర్లాయి. చైత్ర కొట్టిన మూడూ దూరంగా పడ్డాయి. సాయంత్రం చదివిన జాబితాలో చైత్ర పేరుంది. నిరోష పేరు లేదు.

జిల్లా జట్టులో ఆడిన సర్టిఫికెట్టుతో చైత్రకు స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చింది. ఆ తర్వాత ఆమె గ్రౌండు మొహం చూడలేదు. నిరోష కూడా ఆట మానేసింది. డిగ్రీ, బీఎడ్ చదివి ఇప్పుడు ఆత్మకూరులో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది.

పోయిన ఏడు రాజమోహన్ రిటైరయ్యాడు. సన్మానానికి పాత ఆటగాళ్లందరినీ పిలిచి, ఒక్కొక్కరి చేతికీ మైకిచ్చారు. నిరోష వంతు వచ్చింది.

"సార్ మాకు ఆట బాగా నేర్పించినారు. ఉదయగిరిలో మాత్రం ఆ బ్యాటు కోసం రంగనాథం గారిని నా తరఫున ఒక్క మాట అడగలేదు. అది నేను మరవలా."

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి.

హాలు బయటి మెట్ల దగ్గర రాజమోహన్ ఆమెను ఆపాడు. "అందరి ముందరా అనాల్నా అమ్మా?"

"నన్ను పక్కన పెట్టింది కూడా అందరి ముందరే గదా సార్."

ఆయన భుజంమీది శాలువా సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె ఇల్లు చేరేసరికి మల్లికార్జున వసారాలో ఉన్నాడు. కూతురి మొహం చూసి, "ఏంది, అట్లుండావు?" అన్నాడు.

"ఉదయగిరి సంగతి సార్‌ను అడిగొచ్చినా నాయనా."

"ఏమన్నాడు?"

"అందరి ముందరా అనాల్నా అన్నాడు. తప్పు చేసినానని మాత్రం అనలా."