మర్యాద తెలిసిన ప్రోగ్రాం

మా వైపు చెడు కబురు నేరుగా చెప్పడం అమర్యాద. ఎదుటివాడి ఇల్లు అంటుకున్నా, ముందు "భోజనాలయ్యాయాండీ?" అని అడిగి, తర్వాత నిప్పు సంగతికి వస్తాం. ఆ పెంపకంతోనే నేను సీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాశాను.

వట్లూరులో పాఠాలు చెప్పుకుంటూ, తీరిక వేళల్లో కొల్లేరు వైపు చేపల చెరువులకు ఆక్సిజన్ కొలిచే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాను. అది పది నిమిషాలకోసారి నీళ్లు పరీక్షించి, ముగిసేటప్పుడు ఒక అంకె ఇచ్చిపోవాలి. సున్నా అయితే అంతా క్షేమం. ఇంకే అంకె అయినా రైతు ఫోను మోగుతుంది, ఆయన వచ్చి నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు వేస్తాడు. నేనేమో పొరపాటు జరిగితే ఒక చోట "క్షమించాలండి" అనీ, మరో చోట "చిన్న ఇబ్బందండి" అనీ తెర మీద రాయించాను. ఇంకో చోట అసలు నోరే విప్పనివ్వలేదు. ఏది జరిగినా చివరికి సున్నా చేతిలో పెట్టి తప్పుకునేది. చెరువు గట్టున ఆ తెర చదివేది కొంగలే.

ఒక ముసురు రోజున ఒక రైతు చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సారు తీగ ఊడింది. ప్రోగ్రాం పది నిమిషాలకోసారి వినయంగా ఇబ్బంది విన్నవించుకుని సున్నా ఇచ్చింది. ఆ రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా ఫోను మోగలేదు. మర్నాడు పొద్దుటికి శీలావతి చేపలు తెల్లగా తేలాయి. ఆ రైతుకి సగం పంట పోయింది. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే.

వారం కూర్చుని అంతా తిరగరాశాను. తప్పు ఎక్కడ జరిగినా కబురు చెప్పేది ఒకటే ఫంక్షను. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో ఒకే తీరున చెప్పి, సున్నాకి బదులు ఒకటి అంకె ఇచ్చి ఆగిపోతుంది. అండీలూ గిండీలూ కొట్టేశాను. ఇప్పుడది మా జిల్లాలోకెల్లా మొరటు ప్రోగ్రాం, నాకు చాలా గర్వంగా ఉంది.

ఆ తర్వాత తప్పు ఒప్పుకుందామని రైతు దగ్గరికి వెళ్లాను. దారి పొడుగునా సిగ్గుతో చచ్చాను. ఆయన కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, నేను నోరు తెరిచేలోగా తనే మొదలుపెట్టాడు.

"తీగ నేనే సరిగ్గా బిగించలేదండీ మాస్టారూ. మీ ప్రోగ్రాం బంగారమండీ."

"తీగ ఊడినా నా ప్రోగ్రాం మీకు చెప్పి ఉండాల్సిందండీ" అనే వాక్యం నాలిక చివరి దాకా వచ్చింది. కాఫీ బాగుందండీ అన్నాను.

ఆయన గట్టు చివరి దాకా వచ్చి సాగనంపాడు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆ తీగ రెండుసార్లు లాగి చూసుకుంటాడట, చేపలు తన వల్లే పోయాయనుకుని.