పరుపుబండ దాకా రెండు బండ్ల మీద

"గా నాలుగు స్ట్రోకుల బండి మన ఇంటి మెట్లు కూడ ఎక్కదమ్మా! పరుపుబండ ఏమెక్కుతది?" అన్నాడు నా కొడుకు యాదగిరి.

"నీ రెండు స్ట్రోకులది పెట్రోలు తాగుతది, మళ్ళ దాంట్ల ఆయిలు తాగుతది. ఇంక మనమేం తాగాలె, గంజా?" అన్నాను నేను.

"పాలకాన్లు రెండు కట్టినంక గది ముందుకు పోదు. ఎనుకకు జారుతది. జారితె పాలు నువ్వు ఎత్తుతవా?"

"మీ నాయనకు ఏ స్ట్రోకు ఉండెరా? కావడి భుజాన పెట్టుకొని పాలు పోసిండు. ఒక్క చుక్క జారలె."

"గిప్పుడు కావడి మోస్తె దిల్‌సుఖ్‌నగర్‌ల నవ్వుతరు. సర్కస్ దిగిందంటరు."

కోడలు సుజాత వంటింటి గడపలో నిలబడి మా ఇద్దరి వైపూ చూసింది. "అత్తమ్మా, అన్నం చల్లారుతున్నది. కొట్లాటనైతె మళ్ళ వేడి చేసుకోవచ్చు" అన్నది.

తింటూనే తేల్చాను. రెండు బండ్ల మీదా నేను కూర్చుంటాను. పరుపుబండ దాటి గూడెం దాకా పోయి వస్తాను. ఆ తర్వాతే పైసలు పెట్టెలోంచి బయటికి వస్తాయి.

మా చేన్లు కాలనీలో కలిసిపోయాయి. మేత లేక బర్లనూ అమ్మేశాము. మాకు పాలవాళ్ళన్న పేరు మాత్రం పోలేదు. హయత్‌నగర్ దాటి లోపలికి పోతే గుండ్లగూడెం ఉంది. అక్కడ బాలమణి అనే ఆమె దగ్గర యాదగిరి పాలు పోయించుకొని చైతన్యపురిలో ఒక హాస్టలుకు ఇస్తాడు. హాస్టలాయన షరతు ఒకటే: ఎదుట పితికిన పాలు కావాలి. అంటే యాదగిరి ఖాళీ కాన్లు బోర్లించి చూసుకొని, బర్రె పక్కనే నిలబడి పితికించుకోవాలి. అప్పుడే నీళ్ళు కలవలేదని నమ్మకం. ఇన్నాళ్ళూ సైకిలు మీద తెచ్చాడు. ఇప్పుడు ఎడ్లబండ్ల బాటకు అడ్డంగా ప్లాట్లవాళ్ళు కంచె వేశారు. ఎక్కడ చూసినా పునాదుల గుంతలు. రోజూ ఆలస్యమవుతున్నది. ఒకటో తారీకు నుంచి పొద్దున పిల్లల చాయ వేళకు పాలు రాకపోతే ప్యాకెట్లే తెప్పించుకుంటానని హాస్టలాయన చెప్పేశాడు. ఆ ఒక్క ఖాతా పోతే యాదగిరికి చేసే పనే లేదు. అందుకని బండి.

పరీక్షకు అడిగి తెచ్చిన బండ్లలో రెండు స్ట్రోకులది జహంగీర్‌ది. యాదగిరి దోస్తు, దిల్‌సుఖ్‌నగర్‌లో రేకుల షెడ్డు వేసుకొని బండ్లు బాగుచేస్తాడు. రాళ్ళలో తిరగడానికని గుబ్బల టైర్లు వేసి, పొగగొట్టం పైకెత్తి కట్టాడు. నాలుగు స్ట్రోకులది మా ముందు వాటాలో కిరాయికి ఉన్న సుబ్బారావుగారిది. తెనాలి వైపు మనిషి, ప్లాట్లు కొలిచే పని. రోజంతా రాళ్ళూ ముళ్ళూ తొక్కుతాడు కాబట్టి ఆయనా గుబ్బల టైర్లే వేయించాడు.

అసలు స్ట్రోకు అంటే ఏమిటని అడిగాను.

"లోపల ఒక ముక్క పైకీ కిందికీ ఆడుతుంది మామ్మగారూ. ఆయన బండిలో అది పైకొచ్చిన ప్రతిసారీ మంట అంటుకుంటుంది. నా బండిలో ఒకసారి వదిలి ఒకసారి. అందుకే నాది తక్కువ తాగుతుంది" అన్నాడు సుబ్బారావుగారు.

నాకు రోకలి గుర్తొచ్చింది. ఒకామె ప్రతి పోటుకూ ఊపిరి బిగబడుతుంది. ఇంకొకామె పోటు విడిచి పోటుకు బిగబడుతుంది. మొదటామె గబగబ దంచుతుంది, తొందరగా అలుస్తుంది. ఇంతకన్న తెలుసుకునేది లేదనిపించింది.

ఆదివారం అన్నాలు తిని బయలుదేరాము. దిల్‌సుఖ్‌నగర్‌లో నన్నెరగనివారు లేరు. మోటారు సైకిలెక్కి వాళ్ళ ముందు నుంచి పోవడం నా వల్ల కాదు. యాదగిరినీ సుబ్బారావుగారినీ బండ్ల మీద పంపి, నేను హయత్‌నగర్ దాకా బస్సెక్కాను. ఆ దారిన మధ్యాహ్నం పోయేవారు కుడివైపు సీటు పట్టుకోకండి. ఎండంతా అటే. ఆడవాళ్ళ సీటు కుడివైపే దొరికింది. కొంగు కప్పుకొని కూర్చున్నాను.

చైతన్యపురి దాటగానే దుకాణాలు పలుచబడతాయి. ఎల్.బి. నగర్ చౌరస్తా నిండా సిమెంటు బస్తాలు, ఇనుప సలాకలు, ఇసుక లారీలు. ఆ తర్వాత రోడ్డుకు రెండు పక్కలా సున్నం పూసిన ప్లాటు రాళ్ళే. జొన్న మొలవాల్సిన చోట నేలకు నోటిపండ్లు మొలిచినట్టున్నాయి.

చౌరస్తాలో ఎక్కినాయన చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని నా వైపు వంగాడు. "ఏవండీ, ఇటు గజం ఎలా పలుకుతోందండీ?"

నేను జవాబిచ్చేలోపల నా పక్కన నల్గొండ నుంచి వచ్చిన కూలి ఆమె అందుకున్నది. "గజాల లెక్క మాకేమెరుక సారూ? ఇటుకల లెక్కైతె అడుగు, చెప్త."

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. దిగేటప్పుడు ఆమె నా చేతిలో నాలుగు రేగుపండ్లు పెట్టి పోయింది. బస్సు ప్రయాణంలో నాకు దక్కిన లాభం అది.

హయత్‌నగర్ బస్టాండు దగ్గర ఇద్దరూ చాయ తాగుతూ కనబడ్డారు. నాకూ ఒకటి చెప్పబోతే వద్దన్నాను. పాలింటికి పోతూ చాయ కొనుక్కోవడమేమిటి!

ముందు రెండు స్ట్రోకులది. పక్కకు తిరిగి కూర్చొని, ఒక చేత్తో క్యారియరు, ఒక చేత్తో యాదగిరి భుజం పట్టుకున్నాను. రెండు పక్కలా ఖాళీ కాన్లు మోగుతున్నాయి. డాంబరు దిగగానే గుంతలు. వాడు అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక చోట మట్టికుప్ప మీది నుంచే దూకించాడు. నేను వాడి అంగీ గట్టిగా పట్టుకున్నాను. వాడు మాత్రం చిన్నప్పుడు వానలో గంతులేసినట్టు సంబరంగా ఉన్నాడు. నేల మీద ఇల్లంత వెడల్పున పరుచుకొని, నడుమ మూపురంలా లేచిన రాయే పరుపుబండ. చుట్టి పోదామంటే రెండు పక్కలా కంచెలే. బండి ఒక్కసారి గట్టిగా అరిచి, పొగ విడిచి, ఆగకుండా ఎక్కేసింది. నా చీర అంచు మీద ఆయిలు చుక్కలు పడ్డాయి. పడనీ అనుకున్నాను. ఎక్కుడంటే ఎక్కుడే.

వెనక్కి తిరిగి చూస్తే సుబ్బారావుగారు దూరాన ఒక పునాది గుంత మట్టిలో దిగబడి, ప్యాంటు మడిచి బండిని నెట్టుకుంటున్నాడు.

"చూసినవా అమ్మా?"

"చూసిన. ముందు చూడు."

నా మనసు అప్పటికే సగం వాడి వైపు తిరిగింది.

బాలమణి కొట్టం చేరేసరికి పాలవేళ. దూడను విడిచి, కట్టేసి, అప్పుడే పితకడం మొదలుపెట్టింది. చెంబులో ధార చప్పుడు దూరం నుంచే వినవచ్చింది. మా బండి టపటపమని కొట్టం ముందుకు పోయిందో లేదో బర్రె ఎగిరి పక్కకు జరిగింది. చెంబు దొర్లింది. కొట్టం నిండా పొగ.

బాలమణి లేచి నిలబడింది. "ఏంది యాదగిరీ గిది? సైకిలు ఏమైంది? ఎగజేపింది చూడు!"

ఎగజేపడమంటే పట్నంలో పెరిగిన పిల్లలకు తెలియదు. బర్రె బెదిరితే పొదుగులోకి దిగిన పాలను మళ్ళీ పైకి పట్టుకుంటుంది. ఇక ఎంత పిండినా చుక్క రాదు. దూడను విడిచారు, తవుడు పెట్టారు, నేను గంగడోలు నిమిరాను. అది మా ముగ్గురినీ శత్రువుల్లా చూసింది.

"పోయిన నెల ప్లాట్లాయన గిసుంటి బండే ఏసుకొచ్చిండు పెద్దమ్మా. మూడు పూటలు పాలియ్యలె" అన్నది బాలమణి.

"అలవాటైతది లే" అన్నాడు యాదగిరి, నేల చూస్తూ.

"అలవాటయ్యేదాక నీ హాస్టలాయన ఆగుతడా?" అన్నాను నేను.

వాడు బండిని పక్కకు నెట్టి నిలబెట్టాడు.

బాలమణి రెండో బర్రె దగ్గర కూర్చున్నది. అది సగం పితికేసరికి సుబ్బారావుగారు మోకాళ్ళ దాకా మట్టితో వచ్చి, బండి కొట్టం ముందే ఆపాడు. కుట్టుమిషను తొక్కినంత చప్పుడు. బర్రె చెవి కూడా కదపలేదు.

"మీ గేదె నన్ను పట్టించుకోలేదండీ!" అన్నాడాయన.

"గదే మంచిది సారూ. మా బర్రె పట్టించుకుంటె మాకే నష్టం."

నిజం తేల్చుకోవాలని, యాదగిరిని తన బండి మళ్ళీ బయటికి తీసి, నడుపుకొని రమ్మన్నాను. బాలమణి చేతులు జోడించింది. "ఒద్దు పెద్దమ్మా, పరీక్ష మీ బండికి పెట్టుకో. నా బర్రెకు పెట్టకు."

మిగతా బర్లనూ పితికేసరికి ఒక కాను నిండింది. రెండోది సగం కూడా కాలేదు. రెండోదాంట్లోని పాలు బాలమణి వాళ్ళింట్లోకి ఉంచుకున్నది. ఖాళీ అయిన ఆ కానును నీళ్ళతో నింపాను, తిరుగు దారిలో బరువు సరిగా తెలియాలని.

వచ్చేటప్పుడు కాన్లు నాలుగు స్ట్రోకుల దాని మీద కట్టి యాదగిరి నడిపాడు, నేను వెనుక కూర్చున్నాను. కుదుపు లేదు, పొగ లేదు, మాట వినవచ్చింది. పరుపుబండ దగ్గర నేను దిగాను. బండి మూపురం సగం దాకా ఎక్కింది. అక్కడ గుర్రుమని ఆగింది. వెనక్కి జారుతుంటే యాదగిరి రెండు కాళ్ళూ రాతికి తన్ని పట్టాడు. నేను పోయి వెనుక నుంచి ఆనాను. అవతల ఒడ్డున రెండు స్ట్రోకుల బండి పట్టుకొని నిలబడ్డ సుబ్బారావుగారు పరుగెత్తుకొచ్చాడు. ఒక కాను విప్పితే ఎక్కింది. రెండోదాన్ని నేనూ యాదగిరీ చెరొక చెవి పట్టి మోశాము.

"చెప్పిన గదనే" అన్నాడు వాడు. గెలిచిన గొంతు కాదు. ఏడుపు గొంతు.

"బండి ఎక్కకుంటె మనిషి దిగి మొయ్యొచ్చురా. బర్రె చేపకుంటె మనిషి ఏం చేసినా రాదు. నాలుగు స్ట్రోకులదే" అన్నాను.

"రోజూ గీ బండ మీద ఒక్కొక్క కాను మోస్కుంట కూసుంటె, పిల్లలు చాయ తాగి కాలేజికి పోతరు."

అదీ నిజమే. ఇద్దరి మాటా నిజమైనప్పుడు కొట్లాట తెగదు. అట్లే హయత్‌నగర్ చేరాము.

తిరుగు బస్సులో పొద్దు కళ్ళల్లోనే కొట్టింది. నేను చిన్నప్పుడు ఈ నేలంతా కాలినడకనే దాటాము. ఇప్పుడు చక్రాలు వచ్చాక దారులు పోయాయి. కంచెలవాళ్ళను తిట్టబుద్ధి కాలేదు. వాళ్ళూ ఎక్కడో పొలమమ్ముకొని ఇక్కడ తల దాచుకోవడానికి వచ్చినవాళ్ళే. కానీ బండ మీద జారుతూ కాళ్ళు తన్నిపట్టిన నా కొడుకు మొహం ఇల్లు చేరేదాకా కళ్ళ ముందే ఉన్నది. బండి బాగోగులు చూడబోయి మనిషి అలుపు చూసి వచ్చాను.

అన్నాల దగ్గర వాడు ఒకటే మాటన్నాడు. "జహంగీర్ బండి రేపటిదాక ఉంటది."

తెల్లవారుజామున రెండు స్ట్రోకుల బండి చప్పుడు గల్లీ దాటిపోయింది. మొండోడు, మళ్ళీ ఎగజేపిస్తాడు అనుకున్నాను. పొయ్యి ముట్టించి ఎదురుచూశాను. చాయ వేళకు ఇంకా చాలా ముందే బండి తిరిగి వచ్చింది. రెండు కాన్లూ మెడ దాకా నిండి ఉన్నాయి. బండి పక్కన, తాళ్ళతో పొడుగ్గా కట్టి, అటక మీద ఉండాల్సిన మా ఆయన కావడి బద్ద ఉన్నది.

"బండ దాటినంక మోదుగుచెట్టు కాడ బండి బంద్ చేసిన. ఆడికెల్లి నడిచిన" అన్నాడు.

"ఎవరన్న నవ్విండ్రా?"

"బాలమణి నవ్వింది. బర్రె నవ్వలె."

అంగీ జరిపి చూస్తే కుడి భుజం మీద తోలు ఎర్రగా లేచి ఉన్నది. నాకు చూపాలనే ముందు ఇంటికొచ్చిన వాడు కాన్లు దించకుండానే మళ్ళీ చైతన్యపురి పోయి హాస్టల్లో పాలు పోసి వచ్చాడు. తర్వాత ఇద్దరం బస్సెక్కి బండ్ల దుకాణానికి పోయి కొత్త రెండు స్ట్రోకుల బండికే బయానా ఇచ్చాము. పెట్రోలు తాగితే తాగనీ. ఇంటికొచ్చి పాత గొంగడి ఒక మూల చింపి, కావడి బద్దకు భుజం ఆనే చోట చుట్టి, దారంతో కుట్టాను.