నాగసుబ్బమ్మ ఉపవాసం

ప్రకృతి వైద్యంలో డిగ్రీ చేసిన శ్రీవాసవికి కర్నూలులో సొంతంగా వైద్యశాల పెట్టాలని కోరిక. ముందు కాస్త అనుభవం వస్తుందని, మంగంపేటలో ముగ్గురాయి మిల్లు యజమాని ఇంట్లో ఉండి ఆయన తల్లి నాగసుబ్బమ్మ మోకాళ్ల నొప్పులు చూడటానికి ఒప్పుకుంది. ఆరు నెలలని మాట.

మట్టి పట్టీలు, తొట్టి స్నానాలు, వారానికో ఉపవాసం. నాలుగో నెలలోనే నాగసుబ్బమ్మ చేతికర్ర లేకుండా మేడ మెట్లెక్కింది. ఆ రోజు శ్రీవాసవి ఆనందం ఇంతా అంతా కాదు.

రెండేళ్లు గడిచాయి. వెళ్తానన్నప్పుడల్లా ముసలామెకు ఏదో ఒక నొప్పి వచ్చేది. చివరికి శ్రీవాసవి కర్నూలులో గది మాట్లాడుకుని పెట్టె సర్దుకుంది.

"యాడికి పోతావు పాపా? ఈడ నీకేం తక్కువయింది?"

"తక్కువేం లేదవ్వా. మీకు నయమైపోయింది, ఇంక నాతో పనేముంది?"

"అట్లయితే ఈ పొద్దు నుంచి ఉపాసముంటా. నువ్వు నేర్పిందే గదా."

అన్నట్టే ముద్ద ముట్టలేదు. మూడో రోజు కొడుకు వచ్చి చేతులు జోడించాడు.

"మా యమ్మ శానా మొండిదమ్మా. నువ్విస్తేనే తాగుతాదంట."

శ్రీవాసవి నాడి పట్టుకుని చూసింది. డెబ్బై ఆరేళ్ల ఒళ్లు ఇంకో రోజు తట్టుకోదని ఆమె చదువే ఆమెకు చెప్పింది. కోపంగానే చీనీకాయల రసం తీసి, చెంచాతో పట్టించింది. నాగసుబ్బమ్మ బుద్ధిగా తాగి, ఆమె మణికట్టు పట్టుకునే నిద్రపోయింది.

ఆ చేయి విడిపించుకోకుండానే శ్రీవాసవి రెండో చేత్తో కర్నూలుకు ఫోన్ చేసి, గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పింది.