పదో పొద

మొన్న బేస్తవారం, ఆరాధన లేని పూట, మా చర్చి గంట మోగింది. మా అక్క పెనిమిటి, నా బావ, పోయిండని నాకు అట్ల తెలిసింది. బతికున్నన్నాళ్లు ఆ గంట మోగితే చెవులు మూసుకునేటోడు బావ. ఎందుకో చెప్తేగాని ఆయనేందో మీకు తెల్వదు.

సిద్దిపేట పక్క గుట్ట మీద తంగేడు పొదల చెక్క, అంటే బెరడు, వొలిచి, దాంతోని తోళ్లు పదును చేసుడు మా ఇండ్లల్ల పని. బావ పొదలు లెక్కపెట్టుకుంట కొట్టేటోడు. తొమ్మిది కొట్టి, పదోదాన్ని ముట్టకుండ దాటేటోడు. "పంటల పదోవంతు దేవునికిస్తలేమా? గిది గుట్టల పదోవంతు." కొట్టినవి గూడ మోకాలెత్తున కొట్టుడే, వేరు జోలికి పోడు.

"పొదకు బాప్తిస్మమిచ్చినవా ఏంది బావా?" అన్న ఒకనాడు.

"దానికెందుకురా బామ్మర్దీ? పాపం చేసింది నువ్వు గదా."

బతుకమ్మకు ఊరి ఆడోళ్లు తంగేడు పువ్వుకొస్తే మా చర్చి సంఘపోళ్లు కొందరు మొఖం ముడుచుకునేటోళ్లు. బావ ఎదురుపోయి దేవుని పొదలే చూపెట్టేటోడు. "పువ్వు తెంపుకోన్రమ్మా, కొమ్మ విరువకున్రి." (నేనైతే ఆ పాటలు ఇప్పటికీ కూనిరాగం తీస్త. పాదిరిగారు దూరంగ ఉన్నప్పుడు.)

దేశాల నడుమ లడాయి వచ్చింది. పల్టన్ సిపాయిల బూట్లకు తోలు కావాలె, తోలుకు చెక్క కావాలె. బావ విడిచినవి తప్ప గుట్టంత బోసిపోయింది. సరిగ్గ అప్పుడే మా సంఘానికి గంట మీద మనసు పుట్టింది. సంఘ పెద్ద లేచి, "ఆ పొదలు దేవునివే, గంటా దేవునిదే. అవి అమ్మి ఇది కొందాం" అన్నడు. ఇంత తెలివి మాకెట్ల వచ్చిందో! చేతులెత్తినోళ్లల్ల నేనూ ఉన్న.

బావ ఒక్కడే లేచిండు. "దేవుడు మనల్ని తోటకు కావలి పెట్టిండు. తోటను గుత్తకియ్యలే."

"కూసోవయ్యా. గంట మోగితే నువ్వే మురుస్తవు" అన్నడు పెద్ద.

దేవుని పొదలన్నీ వేర్లతో సహా పెకిలించినం. ఆ వానకాలం గుట్ట మట్టి జారి మా మంచినీళ్ల బాయిల పడ్డది. బావే బాయిల దిగి పూడిక తీసిండు. నన్ను తిట్టినా బాగుండు. తట్ట నా చేతికందించేటోడు, అంతే. ఆ బాయి నీళ్లే ఇయ్యాలటికీ తాగుతున్న.

తర్వాత ఏటేటా తంగేడు గింజలేరి గుట్ట మీద జల్లిండు. మొలిచింది మొలిచినట్టు ఎవడో ఒకడు పీకేటోడు. నాకు పీకినోళ్ల కన్న, మళ్ల జల్లే బావ మీదనే కోపం. "వీళ్లు మారరు, ఇడిసిపెట్టు బావా" అంటే, "వీళ్ల కోసం జల్లుతున్ననా?" అన్నడు.

మంచాన పడ్డంక ఒక్కటే అడిగేటోడు. "ఒక్కటన్న నిలిచిందారా?"

"నిలిచింది" అన్న, పోయి చూడకుండనే.

గుట్ట కింద ఆయనకు గుంత తవ్వబోతే, అక్కడ నిజంగనే ఒక తంగేడున్నది. నడుమెత్తున, నిండ పూసి. గుంతకు అడ్డమని గొడ్డలి పడ్డది. "ఆగున్రి" అందామనుకునేలోపే అయిపోయింది. సంఘ పెద్ద కొమ్మనందుకొని, "చెక్క మంచిగుంది" అనుకుంట, బావను దించేలోపే వొలిచి చంకల పెట్టుకున్నడు. మన్ను కుప్ప మీద ఆ కొమ్మ తెల్లగ, తడిగ పడున్నది. కొసన పువ్వులు ఇంక వాడలే.